మూడో ప్రూఫు

చిక్కడపల్లిలో మెట్ల కింద మా ప్రెస్సు.
పైన మిఠాయి కొట్టు నెయ్యి, కింద కాగితం దుమ్ము,
సాయంత్రానికి రెండూ నా చీరకు పడతాయి.
పదకొండేళ్ళుగా
తప్పులు వెతకడమే నా జీతం.

రవూఫ్ టైపు కొడతాడు.
సంస్కృతం ముక్క రాదు గానీ
ఒక్క విసర్గ జారనివ్వడు.
నిన్న కుర్చీ ఇటు తిప్పి అడిగాడు:
"మేడం, గ కింద రావత్తు పెట్టాల్నా, నావత్తు పెట్టాల్నా?
ట్రస్టు సారు కాగితంల ఒకటుంది,
పాత పుస్తకంల ఇంకోటుంది."

అరవై నాలుగు పేజీల చిన్న పుస్తకం.
సహగమనం గొప్పదనం గురించి. ఉచిత వితరణ.
అట్ట మీద మంట, నాలుగు రంగుల్లో.

కళ్ళజోడు తుడుచుకున్నాను.
రావత్తు అయితే అగ్రే. ముందుగా, అని.
నావత్తు పెట్టి పక్కన రెండు చుక్కలు రాల్చితే
అగ్నేః. నిప్పుది, అని.

శ్మశానంలో చదివే మంత్రం.
అందులో నడిచే ఆడవాళ్ళు విధవలే కారు,
మొగుళ్ళున్నవాళ్ళు,
కళ్ళకు కాటుకతో, కన్నీళ్ళు లేకుండా,
ముందుగా నడుస్తారు. అంతే.
ఎవరో ఎప్పుడో వత్తు మార్చి
వాళ్ళ పాదాల ముందు మంట పెట్టారు.
చెయ్యి జారిందంటారు.
జారిన తప్పుల్ని నేను రోజూ చూస్తాను,
అవి ఎటైనా జారతాయి,
సరిగ్గా కోరుకున్న వైపే జారవు.

దాని తర్వాతి మంత్రం ఎవరూ అచ్చు వేయించరు.
శవం పక్కన పడుకున్నామెను
బతికున్నవాళ్ళ లోకంలోకి పిలుస్తుంది.
ఆ పిలుపుకు తెలుగులో ఒక్క అక్షరం చాలు:
లే.

యజ్ఞేశ్వరశాస్త్రి గారికి ఫోన్ చేశాను, నల్లకుంటకు.
"రావత్తేనమ్మా, సందేహం లేదు" అన్నారు.
అయితే శాస్త్రంలో లేనట్టేగా?
అటు కుక్కర్ రెండు కూతలు కూసింది.
"అట్లా అని అబద్ధం చెప్పలేను.
తర్వాతి స్మృతులు కొన్ని పొగిడాయి,
ఒంటి మీద వెంట్రుకలెన్నో అన్నేళ్ళ స్వర్గమన్నాయి.
ఆత్మహత్యే అని తిట్టినవాళ్ళూ ఉన్నారు.
మూలంలో లేదు. తర్వాత తగువు ఉంది.
నువ్వడిగింది వత్తు. అది రా."

నాకు నిండు 'లేదు' కావాలి.
ఆయన సగం ఇచ్చాడు.
ముసలాయన మీద ఒళ్ళు మండింది,
అందుకే నమ్మాను.

మా వాళ్ళు మంచివాళ్ళు.
బన్సీలాల్‌పేటలో ఆయన కాలుతుంటే
నన్ను దూరంగా నీడలో కూర్చోబెట్టి
మంచినీళ్ళిచ్చారు.
శ్రావణ శుక్రవారం మాత్రం
ఎదురింటి ఆవిడ బొట్టు పెట్టి పిలుస్తూ వచ్చి
మా గుమ్మం దగ్గర చెప్పులు సర్దుకుని
పక్కింటికి వెళ్ళింది.

మ్యూజియంలో ఒక రాయి చూశాను ఎప్పుడో.
ఎత్తిన చెయ్యి, నిండా గాజులు, ఒక్కటీ పగల్లేదు.
కాలిపోయినామెను పేరంటాలు అంటాం,
పసుపు పూసి మొక్కుతాం.
కాలకుండా మిగిలినదాన్ని
పేరంటానికి పిలవం.
ఇది ఏ స్మృతిలో ఉందో
శాస్త్రిగారిని అడగడం మర్చిపోయాను.

రవూఫ్ అంతా విన్నాడు.
"రాసుంటే మాత్రం చేస్తరా మేడం?"

నా దగ్గర జవాబు లేదు, ఎర్ర పెన్ను ఉంది.
నావత్తు కొట్టేసి, మార్జిన్‌లో 'రా' అని రాసి,
రెండు చుక్కల మీద గీత గీశాను.
సారుకు కోపమొస్తే ఇంకో ప్రెస్సుకు పోతాడు,
ఈ ఊళ్ళో ప్రెస్సులకు కొదవా.
అట్ట మీద మంట ఎలాగూ ఉంటుంది,
బొమ్మలకు ప్రూఫు చూడమని నాకెవరూ ఇవ్వరు.

షట్టరు సగం దించి రవూఫ్ అన్నాడు,
"ఏడైంది మేడం, లేవండి."