తగిలింది

దామలచెరువు దాటినాక మూతబడ్డ పల్ప్ ఫ్యాక్టరీ.
గోడల్లో ఇంకా తోతాపురి వాసన.
మునిరత్నం ముందు తుపాకి ఇవ్వలేదు,
కళ్లద్దాలు ఇచ్చినాడు.
"చెమట కారినా, ఆవిరి పట్టినా
ఇవి తీస్తే ఆట లేదబ్బా."

తుపాకి ఆ తర్వాత.
మూతికి నారింజ రంగు, కడుపులో బ్యాటరీ,
సగ్గుబియ్యమంత తెల్ల గుండ్లు.
"కాల్చేదాకా వేలు ట్రిగ్గర్ పక్కన, మూతి నేలకి.
మరీ దగ్గరుంటే కాల్చొద్దు,
లొంగిపో అను, చాలు."

"రంగు అంటదే,
తగిలిందని ఎట్ల తెలుస్తుంది?" అన్నా.
"నీకు తెలుస్తుంది" అన్నాడు.

నవ్వొచ్చింది.
ఇరవై ఏండ్లు కరెంటు మీటర్లు చూసినోణ్ణి.
గిర్రున తిరిగే చక్రం ముందరే నిలబడి
తిరగలేదని బిడ్డల మీద ఒట్టేసినోళ్లు
నాకు బాగా తెలుసు.

డ్రమ్ముల వెనక నక్కినా.
మోకాళ్లు పట్టేసినాయి.
రేకుల మీద వడగండ్ల మాదిరి ఒకటే మోత.
అప్పుడు
వీపులో చురుక్కుమంది, గండుచీమ కుట్టినట్టు.

తిరిగి చూస్తే ఎవరూ లేరు.
కాల్చినోడికీ తెలీదు.
మాట్లాడకుండా ఉంటే సరిపోతుంది,
అంతే.
సగ్గుబియ్యం గింజంత బరువు కూడా లేదు
ఆ అబద్ధం.

చెయ్యెత్తినా.
"తగిలింది!"
ఖాళీ షెడ్డంతా తిరిగి
నా గొంతు నాకే వినబడింది.

నెత్తిన ఎర్రగుడ్డ కప్పుకొని బయటికొస్తే
ఫ్లాస్కులోంచి టీ వంచుతా మునిరత్నం:
"ఆట వచ్చేసిందిలే నీకు.
గురి సంగతి…
వచ్చే ఆదివారం చూద్దాం."