వేలితో వినడం

మురకంబట్టు దాటినాక, తోతాపురి లోడు లారీల నడుమ,
క్రేను కొక్కేనికి వేలాడతా వచ్చి
నా అంగడి ముందర దిగింది ఆ బండి.
రెండే సీట్లు. నా మోకాలెత్తుకు కొంచెం పైన.
ఎర్రగా, నున్నగా,
గోతాంలోంచి జారిన మిరపపండు మాదిరి.

"మూడు షెడ్లు తిరిగినానన్నా.
పంపు మార్చినారు, ప్లగ్గులు మార్చినారు.
తెల్లారి పిలిస్తే పలుకుతుంది,
ఎండెక్కితే నోరు మూసుకుంటుంది."
బండిగలామె పేరు నిరుపమ.
పలమనేరులో పశువుల డాక్టరంట,
తొమ్మిదేండ్ల జీతం కూడబెట్టి
ఎవురో వాడేసినదాన్ని కొనుక్కునిందంట.

ఒక మాట ఈడనే చెప్పేస్తా.
ముప్పై ఏండ్లు లారీలకు హారన్లు బిగించి, నొక్కి చూసి,
నా కుడి చెవి మూతబడింది.
ఎడమది సగం.
రిలే కొట్టే టిక్కు నాకు వినపడదు.
గిరాకీలతో అనను.
చెవిటోడి చేతికి తాళాలిచ్చేదానికి
మనుషులు జంకుతారు.

అందుకే వేలితో వింటా.

సీటు మీద కాళ్లు, స్టీరింగు కింద తల,
గబ్బిలం మాదిరి తలకిందులుగా దూరినా.
దీన్ని చేసినోడెవడో
సన్నపాటి మనుషుల కోసరం చేసినాడు;
నా పొట్ట గేరు రాడ్డు కాడ ఆగిపాయ.
లోపల పాత తోలు వాసన, కొంచెం ఆవుల కొట్టం వాసన.
వైర్లు, వైర్లు, దువ్వెన చూడని జడ.
"తాళం తిప్పమ్మా."
ఒక్కో నల్ల డబ్బీ మీద చూపుడువేలు ఆనిస్తా.
ఫ్యానుది: చర్మం కింద చిన్న చిటికె.
"లైట్లెయ్." చిటికె.
"హారను నొక్కు." చిటికె.
క్లచ్చు పెడలుకు పైన, ఇనుప పట్టీ వెనకాల
దాక్కోనుండాది ఇంగొకటి.
"మళ్లీ తిప్పు.
మళ్లీ."
జ్వరమొచ్చిన బిడ్డ నుదురు మాదిరి వెచ్చగా ఉండాది.
నాడి లేదు.

ట్యాంకు నిండా పెట్రోలు,
బ్యాటరీ నిండా బలం,
నడుమ "ఊ, పోనీ" అనేవాడు పడుకున్నాడు.

పీకి, మూత ఊడదీసి, ఎండకు పట్టినా.
కాలు చుట్టూ సీసంలో
వెంట్రుకవాసి పగులు.
చల్లబడితే కలుస్తుంది, కాగితే విడిపోతుంది.
ఆమె అరచేతిలో పెట్టుకోని చాలాసేపు చూసింది.
"పోయిన నెల ఒక ఆవు, అన్నా.
పదైదు దినాలు సూదులేసినాం.
కడుపులో ఉండేది మూరెడు బైండింగు వైరు."
అంతే అనింది. ఆవు బతికిందో లేదో
నేను అడగలేదు.

కొత్తది చెన్నై నుంచి రావాల, నాలుగు దినాలు.
హారను రిలేకీ ఇవే కాళ్లు, ఇదే కొలత.
దాన్ని తీసి దీని చోట గుచ్చినా.
తాళం తిప్పింది.
"పంపు మోగతాండాదన్నా!" అని అరిచినాడు మా ఇంతియాజు.
నాకు మోకాటి చిప్పలో తెలిసింది.
తరవాత ఇంజను, వీపంతా.

డబ్బులిచ్చి, తలుపేసుకుని, అద్దం దించి
"హారను లేకపోతే ఏమి, నిదానంగా పోతాలే" అనింది.
మొగిలి ఘాటు మలుపులు నాకు తెలుసు.
ఆ మలుపుల్లోకి మూగ బండిని
ఎట్లా పంపేది?
"ఉండమ్మా" అన్నా.
సాల్డరింగు కడ్డీ కాగేలోపల రెండు టీలు.
పగిలిన కాలుకు చుక్క సీసం పోసి, ఊది,
ఆ పాతదాన్నే హారను గూట్లో కూర్చోబెట్టినా.
నాలుగు దినాలు కూసేదానికి చాలు అది.

బండి రోడ్డెక్కింది.
పోతా పోతా ఆమె చెయ్యి
స్టీరింగు నడుమ గట్టిగా నొక్కడం కనిపించింది.
నేను ఇంతియాజు వైపు చూడలేదు.
ఎదురుగా టీ అంగడి బల్ల కింద పడుకున్న కుక్క
తలెత్తి, రెండు చెవులూ నిక్కించింది.

సరే, పలికింది.