తాళం తీసే ముందు

హంటర్ రోడ్డులో జావీద్ షెడ్డు కింద
రెండు బండ్లు, రెండూ ఇంకొకరు వాడి వదిలేసినవే.
ఎర్రది టర్బో. బూడిదరంగుది కాదు.
మధ్యలో తేడా నలభై వేలు.
పదకొండేళ్ల నర్సు ఉద్యోగపు పీఎఫ్‌కు
రెండూ ఎక్కువే.

ఓదెలు మామను వెంట తెచ్చుకున్నాను.
కాజీపేట డీజిల్ షెడ్డులో ముప్పైరెండేళ్లు
రైలింజన్ల టర్బోలు విప్పి, కడిగి, బిగించిన మనిషి.
ఎడమ చెవి అక్కడే వదిలేసి వచ్చాడు.
అందుకే బానెట్ మీద కుడి చెవి ఆనించి
పసిపిల్ల ఛాతీ విన్నట్టు విన్నాడు.

"టర్బో అంటే ఏందనుకున్నవ్ బిడ్డా?
ఇంజను ఊదిపారేసిన ఊపిరితోనే
మళ్ల దాని నోట్లె గాలి నింపుడు.
డ్రైవరు నాచ్ పెంచుతడా,
ముందుగాల నల్లపొగ. బలం తర్వాత.
నడిమిట్ల జర ఓపిక పట్టాలె."

ఎల్కతుర్తి దారిలో ఎర్రదాన్ని తొక్కాను.
ఒకటి, రెండు అనుకునేంత సేపు ఏమీ లేదు.
తర్వాత వీపును ఎవరో అరచేత్తో నెట్టినట్టు.
సరిగ్గా అప్పుడే
సగం రోడ్డు నిండా ఆరబోసిన వడ్లు, చుట్టూ రాళ్లు,
కాళ్లతో గింజలు తిరగేస్తూ ఒక ముసలమ్మ.
బ్రేకు మీద నిలబడ్డాను.
ఆమె తలెత్తి చూడనైనా లేదు.
నా మోకాళ్లు వణికాయి, భయంతో మాత్రం కాదు.

బూడిదరంగుది అట్లా కాదు.
తొక్కినంత ఇస్తుంది, అప్పుడే ఇస్తుంది,
దాచుకోదు, ఆశ పెట్టదు.
సూది ఐదువేలు దాటితే గొంతు విప్పుతుందట.
అక్కడికి చేరేలోపే ఒక స్పీడుబ్రేకరు.

జావీద్ చాయ్ తెప్పించాడు.
మామ ఎర్రదాని పొగగొట్టంలో వేలు పెట్టి
జిడ్డు మసి నా ముందు పట్టాడు.
"ఎవడో ఉరికిచ్చి ఉరికిచ్చి, ఆగంగనే తాళం గుంజిండు.
లోపట చక్రం ఇంక తిరుగుతనే ఉంటది. నూనె బందైతది.
బేరింగు ఎండి కాలుతది.
ఆపేముందు ఒక్క నిమిషం. గంతే అడుగుతది అది."

మామకు ముప్పయ్యో తారీఖున శాలువా కప్పారు,
ఒకటో తారీఖు నుంచి పని లేదు.
నెల దాకా తెల్లారగట్ల నాలుగింటికే లేచి
టిఫిను డబ్బా వెతికేవాడని అత్తమ్మ అంటుంది.

బూడిదరంగుదే కొన్నాను.
మనసింకా ఆ వడ్ల దగ్గరే ఆగి ఉంది.

రాత్రి డ్యూటీ నుంచి వచ్చి, వాకిట్లో బండి ఆపి,
తాళం మీద చెయ్యి పెట్టి ఊరికే కూర్చుంటాను.
"దీనికి అక్కర లేదే పిచ్చిదానా!"
మామ అద్దం మీద కొడతాడు.
కుడిచెవి వైపు వంగి చెప్తాను,
"ఎరుకే మామా."

ఇంకో అర నిమిషం.