పందొమ్మిదో గడి

మైనస్ ముప్పై నాలుగు.
దర్ఖాన్ ఊరి చివర, ఇనుప కంటైనర్ గరాజులో
వెనక సీటు విప్పి గోడకి ఆనించాను.
ఎర్ర త్రిభుజం వెలిగి ఇవాళ్టికి పదకొండు రోజులు.

షాపులో గన్‌సుఖ్ చెప్పిన ధర
నా రెండు నెలల నైట్ డ్యూటీలు.
"బ్యాటరీ మొత్తం పోయిందక్కా" అన్నాడు
బానెట్టు కూడా ఎత్తకుండా, సిగరెట్టు పీలుస్తూ.
పన్నెండేళ్లుగా నర్సుని.
నాడి పట్టకుండా చచ్చిందనేవాళ్లని నమ్మను.

ముందు నారింజ రంగు ప్లగ్గు లాగాలి.
లాగి, పది నిమిషాలు ఆగాలి.
ఆ పది నిమిషాలే కష్టం.
కరెంటు స్తంభాలెక్కే మా బావ తొడుగులు
నాకు రెండు సైజులు పెద్దవి.
వాటిలో నా వేళ్లు
ఎవరో అరువిచ్చినట్టు కదులుతాయి.

మా అత్త దోల్గోర్‌కి కార్లు తెలీవు.
కానీ విప్పిన ప్రతి బోల్టునీ
గొర్రె చీలమండ ఎముకల పక్కన పేర్చింది:
గుర్రం వైపు తిప్పిన ఎముక దగ్గర ముందు వరస,
మేక వైపు తిప్పినదాని దగ్గర వెనక వరస.
చిన్నప్పుడు పందెం ఆడిన ఎముకలవి.
"నీ కాగితం కన్నా నయం, గాలికి ఎగరవు."

ఇరవై ఎనిమిది గడులు.
ఒక్కోదానికీ మీటరు తగిలించి నేను చదువుతుంటే
ఆమె రాసుకోలేదు, నోట్లోనే పట్టుకుంది.
ఏడు పాయింట్ ఎనిమిది. ఏడు పాయింట్ ఎనిమిది.
ఏడు పాయింట్ ఏడు.
పందొమ్మిదో దగ్గర
ఆరు పాయింట్ మూడు.
ముల్లు తుడిచి మళ్లీ పెట్టాను.
ఆరు పాయింట్ మూడే.
"కుంటిది దొరికింది" అంది అత్త,
మందల్ని లెక్కపెట్టి అరిగిన గొంతుతో.

ఉలాన్‌బాతర్ కార్ల బజారులో
గుద్దుకుని నలిగిన బళ్ల బ్యాటరీలు
పేగుల్లా నేల మీద పరిచి ఉంటాయి.
మీటరు నాదే పట్టుకెళ్లాను.
అయిదు చూశాను, మూడు వెనక్కిచ్చాను.
డెబ్బై వేల తుగ్రీకులన్నవాడు
నా చేతిలో ముల్లు చూసి నలభైకి దిగాడు.
రెండూ శాలువాలో చుట్టి
కోటు లోపల, పొట్ట మీద పెట్టుకుని బస్సెక్కితే
ఒక ముసలాయన లేచి సీటిచ్చాడు,
ఎన్నో నెలని అడిగాడు.
నాలుగు గంటల దారి. నిజం చెప్పలేదు.

రాగి పట్టీల మీద పచ్చటి చిలుము.
వెనిగరు, గరుకు కాగితం,
నోమిన్ పాత పళ్ల బ్రష్షు.
బిగించేటప్పుడు ఒక బోల్టు తక్కువైంది.
అత్త ఎముకల్ని రెండుసార్లు లెక్కపెట్టింది.
నా బూటు మడతలో ఉంది.

ఈ బండి జపాన్‌లో పుట్టింది.
కుడి పక్క నడిచే దేశంలో
కుడి పక్కే స్టీరింగు పెట్టుకుని తిరుగుతుంది.
స్టార్టు చేసినప్పుడల్లా ఓ అమ్మాయి గొంతు
జపనీసులో ఒక వాక్యం అంటుంది.
నోమిన్ రోజూ "నీకు కూడా" అని జవాబిస్తుంది.
పోయిన ఏడాది మూడో వార్డులో
కాలు విరిగిన టూరిస్టు గైడు అర్థం చెప్పాడు:
కార్డు పెట్టలేదు, అంటోందట,
ఎక్కడో ఉన్న ఏదో టోల్‌గేటు కోసం.

ప్లగ్గు తోశాను. బటను నొక్కాను.
త్రిభుజం వెలిగింది, ఆలోచించింది, ఆరిపోయింది.
కార్డు పెట్టలేదు, అంది ఆ అమ్మాయి.
"నీకు కూడా!" వెనకనుంచి నోమిన్.

అత్త గరిటెతో నాలుగు చక్రాల మీదా
పాలు చిలకరించింది.
టైరు మీద పడ్డ చుక్క జారకముందే గడ్డకట్టింది.

ఇరవై నాలుగో గడి ఏడు పాయింట్ అయిదు.
అప్పుడు నేను కాస్త మెల్లగా చదివాను, అంతే.
అత్త కూడా ఏమీ అనలేదు.
మిగిలిన రెండో గడిని
శాలువాతో సహా బట్టల బీరువాలో పెడుతుంటే
పక్కన ఒక చీలమండ ఎముక కనిపించింది,
మేక వైపు తిప్పి.