ఒంటికంటి బొంత

ఎండ దేశంలో బొంత దేనికని అడగొద్దు.
ఫహాహీల్లో మా రూముకి ఏసీ ఒకటే,
దాని రిమోట్ హారిసు జేబులో ఉంటుంది.
ఆగస్టులో కూడా పై మంచమోడికి
పళ్లు టకటకా కొట్టుకుంటాయి.

దుకాణంలో రోజూ మిగిలేవి మూడే:
దిష్దాషా తెలుపు,
అబాయా నలుపు,
కంపెనీ కవరాల్ నీలం.
కొలతలకి వచ్చినప్పుడు ఈ ముగ్గురూ
ఒక బెంచీ మీద కూర్చోగా నేను చూడలేదు.
చెత్తబుట్టలో మాత్రం
ఒకరి మీద ఒకరు పడి నిద్రపోతారు.

దస్తగిరి లబన్ డబ్బా అట్ట మీద గీశాడు.
నాలుగు పక్కలూ సమానం,
నిలబడటం మాత్రం వాలుగా.
"వజ్రం మామా" అన్నాడు.
వజ్రమా! నాకైతే
అక్క డబ్బాలో పోసి పంపిన మైదా బిస్కెట్టు కనిపించింది.

తెలుపు పైన. నీలం ఎడమన. నలుపు కుడిన.
ఎక్కడైనా ఇంతే, వెలుగు ఒకే పక్కనుంచి పడాలి.
ఒక్క ముక్క తిరగబడిందా
పెట్టె కూలిపోయి ఉత్త గుడ్డ మిగులుతుంది.
మూడు మూలలు కలిసే చోట
పావంగుళం ముందే సూది ఆపాలి.
ఇంకొక్క కుట్టు వేద్దామని వేలికి దురద.
వేస్తే ముడత.
ఇరవై రెండేళ్లు కాలర్లు కుట్టిన చేతికి
ఆగడం కొత్తగా నేర్పాల్సొచ్చింది.

నాలుగు నెలల శుక్రవారాలు పోయాక
పరిచి చూస్తే
మంచం నిండా పెట్టెలు!
కార్గోకి ఎక్కించడానికి పేర్చినట్టు.
తల కాస్త తిప్పితే అవే మెట్లు,
ఇంకోసారి రెప్ప వేస్తే
మూత లేని ఖాళీ గదులు.
హారిసు కూడా వచ్చి అరచెయ్యి ఆనించి
అంచు తగల్లేదని నవ్వాడు.

అందరికంటే చివర ఓబులేసు లేచాడు.
పోయినేడు సైటులో ఒక ఇనుప రవ్వ
అతని ఎడమ కన్ను తీసుకుంది.
అప్పట్నుంచీ చాయ్ గ్లాసు పక్కన పోస్తాడు,
మెట్టు లేనిచోట మెట్టు దిగుతాడు,
బొత్తాం ఊడితే సూదిలో దారం నన్నే ఎక్కించమంటాడు.
"లోకం గోడకి కొట్టిన క్యాలెండరైపాయ అన్నా" అన్నాడొకసారి,
నవ్వుతూనే.

మేం మాటలాపేశాం.
అతను వంగి, వెనక్కి జరిగి, మళ్లీ వంగి
"లోతుంది" అన్నాడు.
కాసేపాగి,
"మీకూ ఇట్లనే కనపడతాందా అన్నా?"

నేను ఎడమ కన్ను మూశాను.
బంకు మంచాలు, బనీన్లు ఆరేసిన తాడు,
దస్తగిరి ముక్కు,
అన్నీ పలచబడి వెనక గోడకి అతుక్కున్నాయి.
బొంత మాత్రం కదల్లేదు.
పెట్టె పెట్టెలాగే ఉంది.

"ఇట్లనే అబ్బీ" అన్నాను
మూసిన కన్ను తెరవకుండానే.

ఆ రాత్రి బొంత కింది మంచానికి పోయింది.
పైన నాకు
తెల్లార్లూ పళ్లు కొట్టుకుంటూనే ఉన్నాయి.