కనిపించని ఉలి

వన్‌టౌన్‌లో స్టీలు సామాన్ల కొట్టు ముందు
ముప్పైయొక్కేళ్లు కూర్చున్నాను.
గిన్నె అడుగున, చెంబు మెడ మీద
టకటకటక చుక్కలు పొడిచి పేర్లు రాశాను.
ఇప్పుడు నా స్టూలు పక్కన ఒక తెల్లపెట్టె.
చేతుల్లేవు, చప్పుడు లేదు,
ఫ్యాను గొణుగుడు తప్ప.

నడిపేది ఫర్హానా, పాలిటెక్నిక్ చదివిన పిల్ల.
"ఆ ఎర్రచుక్కేనా అమ్మా చెక్కేది?" అన్నాను మొదటి రోజు.
"అది దారి చూపే చుక్క, బాబాయ్.
చెక్కే వెలుగు కంటికి ఆనదు.
ఆనడం లేదని తొంగిచూస్తే కన్నే పోతుంది."
నా ముక్కు మీద ఆకుపచ్చ కళ్లద్దాలు పెట్టింది.

కనపడనిదాన్ని నేను నమ్మను.
బేరాల్లేని మే నెల మధ్యాహ్నం,
రోడ్డు మీద తారు చెప్పులకంటుకుంటుంటే, చెప్పమన్నాను.

"పెట్టెలో సన్నటి గాజుదారం ఉంది, మీటర్లకొద్దీ చుట్టి.
ఆ గాజులో అక్కడక్కడ ఇటర్బియం పరమాణువులు.
ఒక్కోదానికి లోపల మెట్లు.
కొండమెట్ల మీదైతే మధ్యలో కూలబడొచ్చు,
ఇక్కడ మెట్టుకీ మెట్టుకీ నడుమ నిలబడే చోటే లేదు.
ఎక్కాలంటే ఆ ఎత్తుకు సరిపడా శక్తి మింగాలి,
దిగితే, దిగిన ఎత్తుకు తగ్గ వెలుగురవ్వ కక్కాలి."

"మరి ట్యూబ్‌లైటో?"
"అందులోనూ దిగడమే. కాకపోతే ఎవడిష్టం వాడిది.
ఒకడిప్పుడు, ఒకడెప్పుడో; ఒక రవ్వ అటు, ఒకటి ఇటు.
బస్టాండులో బస్సు దిగిన జనం.
ఇక్కడ వేరే. వాడు పైమెట్టు మీదుండగా
తాను కక్కబోయే రవ్వలాంటిదే
ఇంకొకటి పక్కనుంచి పోయిందనుకో,
వాడూ దిగిపోతాడు.
వచ్చింది ఒకటి, వెళ్లేవి రెండు.
అదే రంగు, అదే దిక్కు, అడుగులో అడుగు.
వచ్చిందేదో పుట్టిందేదో
ఆ దేవుడు కూడా చెప్పలేడు."

నేను కాసేపు గోక్కున్నాను.
"అది కింద ఉన్నవాడి పక్కనుంచి పోతే?"
ఫర్హానా చేతిలో టీ గ్లాసు ఆగింది.
"అసలు ప్రశ్న పట్టుకున్నావు బాబాయ్!
వాడా రవ్వను మింగి పైకెక్కి కూర్చుంటాడు. లెక్క తప్పుతుంది.
అందుకే కిందవాళ్లకన్నా పైవాళ్లు ఎక్కువుండాలి.
ఊరికే వదిలేస్తే అలా ఉండదు,
బ్యారేజీ గేట్లెత్తితే నీళ్లు పల్లానికే కదా.
అందుకని చిన్న చిన్న డయోడ్లు వెలుగు పోస్తూ
దిగినవాణ్ణి దిగినట్టే పైకి తోస్తుంటాయి.
కరెంటు పోయిందా, దుకాణం బంద్."

ఎదురు సెలూన్ వైపు చెయ్యి చూపింది.
"ముందొక అద్దం, వెనకొక అద్దం,
నీ తల వరసకట్టి ఎందాకా పోతుందో చూశావుగా?
దారానికి రెండు కొసలా అలాంటివే, గాజులోనే గీసినవి.
వెలుగు అటూ ఇటూ తిరిగినకొద్దీ పెరుగుతుంది.
అందులో ఒక అద్దం కావాలనే కాస్త కారుతుంది.
ఆ కారిందే నీ ఉలి."

"ఎన్ని వాట్లు?"
"ఇరవై."
"మా వరండా బల్బూ అంతేగా!"
"బల్బు వెలుగు గదంతా పంచుకుంటుంది.
దీన్ని కటకం ఆవగింజ మీద పెట్టిన చుక్కంతలోకి దించుతుంది,
రెండు బుల్లి అద్దాలు మెడ తిప్పుతూ అక్షరం గీయిస్తాయి.
అదీ ఒక్క ధారగా కాదు.
నీలాగే, చుక్కలు చుక్కలుగా పొడుస్తుంది,
సెకనుకు వేలసార్లు."

నేనేమీ అనలేదు.
కుడిచేతి బొటనవేలి కాయను తడుముకున్నాను.

అంతలో ఒకావిడ పాలగిన్నె తెచ్చింది, 'జ్యోత్స్న' అని రాయమంది.
తెరమీద వత్తులు విడిపోయి
త ఒకచోట, స ఒకచోట, న మరెక్కడో.
ఫర్హానా మూడుసార్లు కొట్టింది. మూడుసార్లూ అంతే.
అడుగులో అడుగేసే వెలుగుకి
వత్తు కింద వత్తు ఎలా కూర్చుంటుందో తెలీదు.

బిల్లు వెనక నేను పెన్సిలుతో రాసిచ్చాను.
ఫోటో తీసి ఎక్కించింది.
ఎర్రచుక్క ఓసారి చుట్టూ తిరిగి చోటు చూపించింది.
ఆపైన, కనపడనిది.

కళ్లద్దాలు తీసి వేలితో రుద్దాను.
చెరగలేదు. కాస్త వెచ్చగా ఉంది.
'స్న' దగ్గర నా చేతి వణుకు కూడా దిగింది.

డబ్బులు ఎవరికివ్వాలని అడిగిందావిడ.
ఫర్హానా నావైపు చూసింది,
నేను పెట్టెవైపు.