నలభై ఎనిమిది రంగుల అట్ట

తూకపు యంత్రం పీకేసిన గది అది.
తాడిపత్రి పొలిమేరలో, పాలిష్ ఫ్యాక్టరీల వరసకు చివర.
షిఫ్టు దిగినాక కూర్చోని మాట్లాడుకోను
యజమాని నీడ పడని చోటొకటి కావల్లని
మూడేండ్లు అడిగి అడిగి తెచ్చుకున్నారు బండలోళ్లు.

"గదికి ఒక రూపు తీసుకురాప్పా మాబాషా" అని
నన్ను పిలిపించిరి.
నేను బోర్డులు రాసేవాణ్ణి.
ఎరువులంగడికి ఒక మాదిరి, పండ్ల డాక్టరుకు ఒక మాదిరి.
అక్షరానికి నీడ దించడంలో
ఈ ఊర్లో నాకు సాటి లేడని అనుకుంటా ఉంటా.
మా ఇంట్లో ఎవురూ నమ్మరు.

నలభై ఎనిమిది రంగుల అట్ట తీసి
బల్ల మీద పరిచినా.

కుళ్లాయప్ప పసుపు గడి మీద వేలు పెట్టి
కాలినట్టు తీసేసినాడు.
"ఇది పూస్తే మనం ఎవురి మనుషులమో
రేప్పొద్దున టీ బంకులో తేలిపోతాది."
నీలం దగ్గరా అంతే. పచ్చ దగ్గరా అంతే.
కాషాయం దగ్గర ఎవురూ నోరు తెరవలేదు.
ఎరుపంటే ఇష్టమే ముసలి ఎర్రిస్వామికి,
"కానీ స్టేషను సారు దినామూ టీకొస్తాడు,
పాలు మనమే పోయల్ల" అన్నాడు.
గులాబీ మిగిలింది.
"అది పక్క రాష్ట్రానిది లే."

ఒక్క సాయంత్రంలో తెలిసింది
ఇంద్రధనుస్సును ఎవురెవురో
ఎప్పుడో పంచుకోని పోయినారని.

"తెలుపు?" అన్నా, ఓడిపోతా.
అందరూ నవ్విరి.
వాళ్ల రెప్పల మీద, చెవి మడతల్లో,
అన్నంగిన్నె మూత అంచున ఉండేది ఆ రంగే.
"డబ్బులిచ్చి కొనల్నా దాన్ని?
కిటికీ తెరిచి పెట్టు, నాలుగు దినాల్లో అదే పూసుకుంటాది."

అప్పటిదాకా వాకిట్లోనే నిలబడిన ఓబుళమ్మ,
బండలు మోసి మోసి ఎడమ భుజం ఒకింత దిగిన మనిషి,
"గోడ సరేన్నా,
నేను యాడ కూర్చోవల్లో అది గీయి ముందు" అనింది.

గదిలో ఉన్నవి ఆరు కుర్చీలు.
ఆరింట్లోనూ మొగోళ్లం.

సుద్దముక్క తీసుకున్నా.
దిమ్మె, మైకు, దానికెదురుగా వరసలు.
మీటింగుల్లో చూసిన మాదిరే గీసినా.
ఆమె వచ్చి చివరి వరసలో గొంతుక్కూర్చోని
"ఈణ్ణించి నాకు ఈపులే కనపడతాండాయి" అనింది.
తుడిచినా. గుండ్రంగా గీసినా.
"బాగుంది గానీ తలుపు నా ఎనక పడింది.
వచ్చిందెవురో చూసుకోకుండా
మేస్త్రీ సంగతి ఎట్ల చెప్పేది?"
మళ్లా తుడిచినా.
కుళ్లాయప్పను లేపినా,
ఎర్రిస్వామిని కిటికీ కిందినుంచి జరిపినా.
వెలుతురు మాట్లాడేవాళ్ల మొగాన పడల్లంట,
వినేవాళ్ల కండ్లలో కాదంట.
ముప్పై ఏండ్ల నా కుంచెకు
ఇంతవరకు ఎవురూ చెప్పలేదు ఈ మాట.

గోడలకు చివరికి బండలే అన్నారు.
ఫ్యాక్టరీల ఎనక పారేసినవి, మూలలు విరిగినవి,
నల్లవి, బూడిదవి, నడుమ తేనెరంగు చార ఉండేవి.
"మెరుగు పెట్టిద్దామా?" అంటే
పొద్దస్తమానం మెరుగు పెట్టే చేతులన్నీ
ఒక్కసారే వద్దన్నాయి.
"మన మొగం మనకు కనపడితే
కోపం రావల్సిన చోట తల దువ్వుకుంటామన్నా" అన్నాడు
హెల్పరు పిల్లోడు వన్నూరు.

బోర్డు కూడా వద్దనిరి.
పేరు పెట్టబోతే ఎవురి పేరనే తగువు
ఇంకో మూడేండ్లు నడుస్తాదంట.
అది మాత్రం కొంచెం నొచ్చింది నాకు.

కూలి ఇచ్చినారు, రంగు పూయనందుకు.
ఊరికే జేబులో పెట్టుకోలేక
మెట్టు దగ్గర కూర్చున్నా.
బెత్తెడు ఎత్తు ఎక్కువ అది,
రాత్రి షిఫ్టోళ్లు తట్టుకుంటారు.
దాని అంచుకు తెల్లగీత ఒకటి లాగినా.
కింద, అలవాటు కొద్దీ,
సన్నంగా నీడ దించినా.

ఓబుళమ్మ దాన్ని చూడకుండానే
సరిగ్గా దాటి లోపలికి పోయింది.
అప్పటికే లోపల
ఫ్యాను ఎవురి పక్కకు తిరగల్లని కొట్లాట.